"కుదరదు" అని చెప్పడం ఎలా? మొహమాటస్తుల కోసం

వారానికి ఒక్కరైనా ఇదే అడుగుతారు. "మా బావగారు క్రెడిట్ కార్డు అడుగుతున్నారు, ఎలా కాదనాలి?" "ఈ సంబంధం నాకిష్టం లేదని ఇంట్లో చెప్పలేకపోతున్నాను." "ఇచ్చింది నా డబ్బే, తిరిగి అడగాలంటే నాకే సిగ్గుగా ఉంది." మాటలు వేరైనా ప్రశ్న ఒకటే. దీనికి మొహమాటం అని పేరు పెట్టుకున్నాం, అదేదో మంచివాళ్ల లక్షణమైనట్టు. కానీ అది భయం. అవతలివాళ్ల మొహం మాడిపోతుందేమో, మన గురించి నలుగురిలో ఏమంటారో అన్న భయం. దాని మాట వింటూ పోతే పదేళ్లకి మన జీతం, మన ఆదివారాలు, చివరికి మన పెళ్లి కూడా వేరేవాళ్ల ఇష్టప్రకారం నడుస్తాయి.

ముందే చెబుతున్నాను, ఇది చదివితే భయం పోదు. భయం ఉండగానే నోరు తెరవడం అలవాటవుతుంది. నాకు అలా అలవాటైంది, కాకపోతే 70 వేలు వదిలాక.

ఏమేం కావాలి

100 పేజీల నోటుబుక్కు ఒకటి, పెన్ను. ఫోన్లో రాసుకోవద్దు. అడిగేవాళ్ల ఫోన్లు, మెసేజీలు వచ్చేది అందులోకే, రాద్దామని తీసి వాళ్లకి జవాబిస్తూ కూర్చుంటారు.

ఆరు వారాల సమయం. రోజుకి పది నిమిషాలు చాలు.

మీరు ఈ పని మొదలుపెట్టారని తెలిసిన మనిషి ఒకరు. స్నేహితులు, అక్క, భార్య, భర్త, ఎవరైనా సరే. ఒక్కటే షరతు, మీరు కాదనబోయే వాళ్లతో వాళ్లకి చుట్టరికం ఉండకూడదు. మా పిన్నికి చెప్పి నేను ఈ తప్పు చేశాను. సాయంత్రానికల్లా ఊరంతా తెలిసింది.

అక్కర్లేనివి: ధైర్యం, వ్యక్తిత్వ వికాసం క్లాసులు, పొద్దున్నే చూసే ఉపన్యాసాల వీడియోలు. అవి చూసినంతసేపు బాగానే ఉంటుంది, బావగారు ఫోన్ చేయగానే మళ్లీ "సరేనండి" అనేస్తాం.

1. వారం రోజులు రాయండి, ఏమీ మార్చొద్దు

మనసులో వద్దనుకుంటూ పైకి సరేనన్న ప్రతిసారీ ఒక వరుస రాయండి: ఎవరు, ఏం అడిగారు, మీరేమన్నారు, దానికి ఎంత ఖర్చయింది. ఖర్చు రూపాయల్లోనో గంటల్లోనో ఉండాలి. "బాధ అనిపించింది" అని రాస్తే లెక్క తేలదు.

నా పుస్తకంలో మొదటి వారం వరుసలు కొన్ని: "పక్క సీటు వాళ్ల రిపోర్టు, శనివారం 4 గంటలు. నచ్చని చొక్కా, 1,350. మామయ్యగారి స్నేహితుణ్ణి స్టేషన్లో దింపడం, రెండున్నర గంటలు, పెట్రోలు." వారం చివర కూడితే పదకొండు గంటలు తేలింది. అంతకుముందు ఎవరైనా వ్యాయామం చేయమంటే నాకు టైమ్ లేదనేవాణ్ణి.

ఈ వారంలోనే ఎవరికీ కాదని చెప్పడం మొదలుపెట్టకండి. ఉత్సాహం ఎక్కువై మొదటి రోజే అత్తగారితో మొదలుపెట్టినవాళ్లు రెండో రోజుకి నోటుబుక్కు మూసేశారు.

2. మర్యాద ఏది, మొహమాటం ఏది, ప్రమాదం ఏది

రాసిన వరుసల పక్కన ఈ మూడింట్లో ఒక గుర్తు పెట్టండి. జ్వరంతో ఉన్న పక్కింటి పెద్దావిడకి మందులు తెచ్చిపెట్టడం మర్యాద, కష్టమైనా చేస్తాం. చేసినందుకు రాత్రి మనసు కులాసాగా ఉంటే అది మర్యాద. చేశాక లోపల తిట్టుకుంటూ ఉంటే మొహమాటం.

మూడోది జాగ్రత్తగా చూడాలి. కొన్ని భయాలు ఉత్తుత్తివి కావు. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు "నలుగురు" అనే మాటకి నిజంగా కోరలుండేవి. వెలివేశారు. వంటవాళ్లు, నీళ్లు తెచ్చేవాళ్లు రావడం మానేస్తే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ తనే వండారు, గోదావరి నుంచి తనే నీళ్లు మోశారు. పెళ్లిలో రెండోసారి పులిహోర వద్దన్నందుకు మనల్ని వెలివేసేవాళ్లు లేరు. కానీ ఆ తేడా మన గుండెకి తెలియదు, రెండింటికీ ఒకేలా కొట్టుకుంటుంది. అందుకే తేడా కాగితం మీద మనమే తేల్చుకోవాలి.

హెచ్చరిక: కాదంటే కొట్టే మనిషి, ఇంట్లో బంధించే కుటుంబం, కులాంతర ప్రేమ సంగతి తెలిస్తే ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి, ఇవి మొహమాటం కింద రావు. వాటికి కింద రాసిన మెట్లు పనికిరావు, వాడకండి. ముందు సురక్షితమైన చోటు, నమ్మకమైన మనిషి, మీ సర్టిఫికెట్లు, ఆధార్, కాస్త డబ్బు మీ చేతిలో ఉండాలి, ఆ తర్వాతే మాట. అత్యవసరమైతే 112, మహిళలకు 181.

3. మెట్లు వేసుకోండి

మిగిలిన మొహమాటాలకి 1 నుంచి 10 దాకా మార్కులు వేయండి. తలుచుకోగానే కడుపులో ఎంత తిప్పినట్టుంటుందో అంత మార్కు. తర్వాత చిన్నది కింద, పెద్దది పైన పేర్చండి. నా జాబితా ఇది:

1 – కూరగాయల బండి దగ్గర పుచ్చు వంకాయ తీసేసి వేరేది వేయమనడం
2 – దుకాణంలో చిల్లర బదులు చాక్లెట్ ఇస్తే చిల్లరే అడగడం
3 – ఇరవై చొక్కాలు విప్పించి చూసి, ఏదీ కొనకుండా లేచి రావడం
4 – ఫంక్షన్‌కి రాలేనని ముందే మెసేజ్ పెట్టడం
5 – పక్క సీటు వాళ్ల శనివారం పని కాదనడం
6 – స్నేహితుడికిచ్చిన 3 వేలు తిరిగి అడగడం
8 – చీటీకి షూరిటీ సంతకం పెట్టననడం
10 – ఈ ఉద్యోగం మానేస్తున్నానని నాన్నకి చెప్పడం

ఇది నేను కనిపెట్టిన పద్ధతేం కాదు. కుందేలంటే హడలిపోయే పీటర్ అనే చిన్న పిల్లాడి గురించి అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1924లో రాశారు. వాడు ఇష్టమైనది తింటుండగా కుందేలు బోనుని దూరంగా పెట్టేవాళ్లు, రోజులు గడిచేకొద్దీ కాస్త కాస్త దగ్గరికి జరిపేవాళ్లు. చివరికి పిల్లాడు కుందేలు చేత వేళ్లు కొరికించుకునేదాకా వచ్చాడు. మన కుందేలు బావగారు, అంతే తేడా.

ఒక్కో మెట్టు మీద కనీసం మూడు సార్లు నిలబడండి. మార్కు సగానికి పడిపోతే పైకి ఎక్కండి. మూడు మెట్లు దూకితే కాలు జారుతుంది. జారితే రెండు మెట్లు దిగి మళ్లీ ఎక్కండి, మొదటికి వచ్చామని అనుకోనక్కర్లేదు.

ఒక మెట్టు మరీ ఎత్తుగా ఉంటే దాన్ని రెండు చేయండి. పాత నిఘంటువుల్లో మొహమాటం అనే మాట "మొగమాటము" అని ఉంటుంది, మొగం ఎదురుగా ఉంటే మాట రాదు మరి. కాబట్టి అదే మాట మొదట మెసేజ్‌లో, తర్వాత ఫోన్లో, ఆ తర్వాత ఎదురుగా చెప్పండి. మెసేజ్ దగ్గరే ఆగిపోతే మాత్రం అది మెట్టు కాదు, దాక్కునే చోటు.

4. మాట ముందే రాసిపెట్టుకోండి

చాలామంది తడబడేది ఇక్కడే. భయం కమ్ముకున్నాక మంచి వాక్యం నోటికి రాదు. నోటికి వచ్చేదల్లా "చూద్దాంలెండి."

ఈ "చూద్దాంలెండి" చేసినంత చేటు తెలుగులో ఇంకే మాటా చేయలేదు. చెప్పేవాళ్లకి అది "కాదు", వినేవాళ్లకి "అవును". వాళ్లు ఆశ పెట్టుకుంటారు, ఇంకోచోట అడగడం మానేస్తారు, ఆఖరి రోజున మనం కాదంటే అప్పుడు నిజంగానే మోసం చేసినట్టవుతుంది. "ట్రై చేస్తాను", "మా ఆయన్ని అడిగి చెబుతాను" కూడా ఇదే జాతి. ఇంట్లోవాళ్ల మీదికి తోసేస్తే రేపు వాళ్లు నేరుగా మీ ఆయన్నే పట్టుకుంటారు, ఇంట్లో ఇంకో గొడవ.

వాక్యం ఇలా కట్టండి. బంధుత్వపు వరుసతో పిలవండి, కాదని చెప్పండి, ఆగిపోండి. "బావగారూ, కార్డు ఇవ్వడం కుదరదండి." కారణం చెప్పాలనిపిస్తే ఒక్కటే చెప్పండి, అదీ నిజమైనదే. మూడు కారణాలు చెబితే అవతలివాళ్లు మూడింటికీ పరిష్కారం చూపిస్తారు. "లిమిట్ అయిపోయింది" అంటే "వచ్చే నెల బిల్లయ్యాక ఇవ్వు" అంటారు. నా మటుకు నాకు బాగా పనిచేసింది నియమంలా చెప్పడం: "నా కార్డు నేను తప్ప ఎవరూ వాడకూడదని పెట్టుకున్నానండి." ఇందులో ఆయన్ని అనుమానించినట్టు ఉండదు.

నోటుబుక్కులో రాసి, గదిలో పైకి పదిసార్లు చదవండి. మనసులో అనుకుంటే చాలదు, నోరు తిరగాలి. గొంతు చివర్లో ప్రశ్నలా లేస్తోందేమో గమనించండి. "కుదరదండీ...?" అని సాగదీస్తే అనుమతి అడిగినట్టే ఉంటుంది.

5. చెప్పండి, చెప్పాక నోరు మూసుకోండి

రెండో పనే కష్టం. నా ఎనిమిదో మెట్టు ఎలా జరిగిందో చెబుతాను.

ఐదేళ్ల క్రితం ఒక దగ్గరి బంధువు చీటీ పాడుకుంటే షూరిటీ సంతకం పెట్టాను. ఆయన కొన్ని నెలలు కట్టి ఆపేశారు. నోటీసు నాకొచ్చింది. నా వంతుకి 70 వేలు పడింది. "సంతకమే కదా" అని ఎవరైనా అంటే గుర్తుంచుకోండి, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, బాకీదారుకి ఎంత బాధ్యతో షూరిటీకీ అంతే. ముందు ఆయన్ని అడిగి, ఆయన ఇవ్వకపోతేనే మన దగ్గరికి రావాలన్న వరుస కూడా లేదు.

పోయినేడు మా బాబాయి వచ్చారు. చేతిలో మాగాయ సీసా, చంకలో ప్లాస్టిక్ ఫైలు. సీసా చూడగానే నాకు ఫైలు సంగతి అర్థమైంది. టీ ఇచ్చాను. ఆయన ఫైలు తెరిచి, శాలరీ సర్టిఫికెట్ ఎలా ఉండాలో చూపించే కాగితం నా వైపు తిప్పారు. నేను బట్టీపట్టిన వాక్యం అప్పజెప్పాను: "బాబాయ్, షూరిటీ సంతకాలు ఎవరికీ పెట్టకూడదనుకున్నాను. మీకు కూడా కుదరదు."

"నీ డబ్బు అడిగానేంట్రా? సంతకమే కదా!"

"కుదరదు బాబాయ్."

తర్వాత ఇద్దరం మాట్లాడలేదు. నా చెవులు వేడెక్కాయి. ఆయన టీ మీద మీగడ కట్టడం చూస్తూ కూర్చున్నాను. నోట్లో ఆరు వాక్యాలు తయారుగా ఉన్నాయి: "పోనీ 20 వేలు సర్దుతాను", "పోనీ మా ఆఫీసులో ఎవరినైనా అడుగుతాను". ఒక్కటీ బయటికి రానివ్వలేదు. ఫ్యాన్ కిర్రుమంటోంది. చివరికి ఆయన ఫైలు మూసి, "టీ చల్లారిపోయింది, వేడి చేసి తీసుకురా" అన్నారు. అంతే.

అంతా హాయిగా ముగిసిందని చెప్పను. ఆయన మూడు నెలలు నాకు ఫోన్ చేయలేదు. ఆ తర్వాత మనవరాలి బారసాలకి పిలిచారు.

ఆ మౌనంలో చేయగలిగిన పని ఒకటుంది: ఊపిరి మామూలుగా పీల్చి, మెల్లగా, ఎక్కువసేపు వదలండి. ఐదారు సార్లు చాలు. అవతలివాళ్లకి ఏమీ తెలియదు. ఆ రోజు కాఫీలు తగ్గించండి, గుండెదడకి కాఫీ కూడా తోడైతే ఏది ఏదో తెలియదు. మందేసి ధైర్యం తెచ్చుకోవడం మాత్రం వద్దు. మర్నాడు ఆ మాట మీది కాదు, మందుది అవుతుంది.

6. ఆ రాత్రి ఫోన్ చేయొద్దు

కాదన్న రోజు రాత్రి పదింటికి ఒక బాధ మొదలవుతుంది. "పాపం, ఎంత ఆశతో వచ్చారో" అని. లేచి ఫోన్ తీసి "సరేలెండి, రేపు రండి" అనేస్తాం. నాకు వచ్చే ఉత్తరాల్లో సగం మంది బోల్తా పడింది ఇక్కడే. అనేశాక మనసు తేలికవుతుంది కూడా, చిక్కంతా ఆ తేలికలోనే ఉంది. భయపడి వెనక్కి తగ్గిన ప్రతిసారీ వచ్చే ఆ సుఖమే మరుసటిసారి భయాన్ని పెంచుతుంది.

కాబట్టి 24 గంటలు గడువు పెట్టుకోండి. ఆలోపు ఏ మాటా మార్చేది లేదు. ఫోన్ బదులు నోటుబుక్కు తీయండి. ఎడమ పక్క: "ఏం జరుగుతుందనుకున్నాను". కుడి పక్క: "ఏం జరిగింది". ఎడమ పక్క మాత్రం చెప్పడానికి వెళ్లే ముందే రాసి ఉండాలి. తర్వాత రాస్తే మనసు లెక్కలు దిద్దేస్తుంది. బాబాయి విషయంలో నా ఎడమ పక్క: "అరుస్తారు. అమ్మకి ఫోన్ చేసి నానా మాటలంటారు. ఇంక మా గడప తొక్కరు." కుడి పక్క: "టీ వేడి చేయమన్నారు. అలిగారు."

7. అడగడం

కాదనడం వచ్చినవాళ్లకి కూడా అడగడం రాదు. ముఖ్యంగా సొంత డబ్బు. ఇక్కడ మొహమాటానికి గడువు తేదీ ఉంది, అది తెలియక నష్టపోయినవాళ్లు మన ఊళ్లలో కొల్లలు. అడగ్గానే ఇవ్వాలని రాసుకున్న మామూలు ప్రాంసరీ నోటు మీద కోర్టుకి వెళ్లాలంటే రాసిన తేదీ నుంచి 3 ఏళ్లలోపు వెళ్లాలి. ఆ లోపల ఎంతో కొంత కట్టించుకుని, నోటు వెనక తేదీతో అవతలివాళ్ల చేత చెల్లు రాయించి సంతకం పెట్టిస్తే ఆ తేదీ నుంచి మళ్లీ 3 ఏళ్లు వస్తాయి. "పండగ పూట ఏం అడుగుతాంలే" అని నాలుగు సంక్రాంతులు గడిపితే చేతిలో కాగితం మిగులుతుంది. ఈ వారం బీరువా తీసి నోట్ల మీద తేదీలు చూడండి.

అడిగేటప్పుడు "ఏమీ అనుకోకపోతే", "నీకు ఇబ్బంది లేకపోతే" అని మొదలుపెట్టకండి. ఇబ్బందే ఉంది కాబట్టి ఇవ్వరు. తేదీ, మొత్తం చెప్పండి: "జూన్‌లో తీసుకున్న 3 వేలు ఈ నెల ఐదో తారీఖుకి పంపించరా." ఒకేసారి కుదరకపోతే రెండు విడతలుగా తీసుకోండి, కానీ ప్రతి విడతకీ తేదీ ఉండాలి.

8. పదో మెట్టు: ఇంట్లో చెప్పడం

ఉద్యోగం మారడం, చదువు మానడం, ఈ సంబంధం వద్దనడం. ఇక్కడ నాకు తెలిసినవి కొన్నే.

పండగ రోజు, చుట్టాల ముందు, అన్నం దగ్గర చెప్పొద్దు. నేను వాకిట్లో పేపరు చదువుతున్న నాన్న దగ్గరికి మూడు సార్లు వెళ్లి మూడు సార్లూ "కాఫీ తాగుతారా?" అని అడిగి వచ్చాను. నాలుగోసారి ఆయనే "మూడు కాఫీలయ్యాయి, విషయం చెప్పు" అన్నారు.

అమ్మ చేత నాన్నకి చెప్పించడం సులువుగా కనిపిస్తుంది. రావాల్సిన తిట్లన్నీ ఆవిడకి పడతాయి, మెట్టు మీరు ఎక్కినట్టూ కాదు. అమ్మకి ముందు చెప్పండి, నాన్నకి మీరే చెప్పండి.

నిర్ణయంతో పాటు లెక్క పట్టుకెళ్లండి. ఉద్యోగం మానేస్తుంటే ఆరు నెలల ఖర్చు ఎక్కడుంది, ఈఎంఐలు ఎలా కడతారు, కుదరకపోతే ఏం చేస్తారు. ఆ లెక్క లేకపోతే మీది భయం కాదు, మీ మనసు చెప్పే సరైన జాగ్రత్త. ముందు దాని మాట వినండి.

సంబంధం సంగతైతే ఎంత ముందు చెబితే అంత మేలు. పెళ్లిచూపుల ముందు చెబితే ఇంట్లో రుసరుసలు. తాంబూలాలు పుచ్చుకున్నాక చెబితే ఏ పాపం ఎరగని అవతలి అమ్మాయి లేదా అబ్బాయి కూడా మాటలు పడాలి.

పని చేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

గుండెదడ తగ్గిందా అని చూడకండి. మొదటి నెలలో పెరగొచ్చు కూడా. నోటుబుక్కులో మూడు చూడండి. వారానికి ఎన్నిసార్లు చెప్పారు? కుడి పక్క రాసింది ఎడమ పక్క కంటే చిన్నదిగా ఉందా? మొదటి వారం లెక్కలోని గంటల్లో, డబ్బులో ఎంత వెనక్కి వచ్చింది? నాలుగో వారానికి నాకు పదకొండు గంటల్లో ఏడు వెనక్కి వచ్చాయి. వాటితో గొప్ప పనులేం చేయలేదు, రెండు శనివారాలు మధ్యాహ్నం నిద్రపోయాను.

ఒక చెడ్డ గుర్తు కూడా ఉంది. కాదనడం అలవాటయ్యాక కొందరు కరుకుగా మాట్లాడతారు, "నేనింతే" అని తిరుగుతారు. గొంతు పెరిగిందంటే లోపల భయం ఇంకా ఉందని అర్థం. ఒక మెట్టు దిగి మెల్లగా చెప్పడం నేర్చుకోండి.

ఆరు వారాలైనా మొదటి మెట్టే ఎక్కలేకపోతే, మనుషుల్లోకి వెళ్లాలంటేనే చెమటలు పట్టి పని మానుకుంటుంటే, నిద్ర, తిండి పోతే, నోటుబుక్కు పక్కన పెట్టి 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది, ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. దానికి మాత్రం మొహమాటపడకండి.

ఇక అందరూ అడిగే చివరి ప్రశ్న, పెళ్లి భోజనంలో వడ్డించేవాళ్లని ఎలా ఆపాలి? నోటితో "చాలు చాలు" అంటే ఆగరు, అది వాళ్లకి "ఇంకొంచెం" అని వినిపిస్తుంది. చేతులు రెండూ విస్తరి మీద అడ్డం పెట్టండి. ఒక్క చెయ్యే పెడితే పక్కనుంచి వేసేస్తారు.